పాడైన గోడని మళ్లీ నున్నగా చేసుకోవడం: గీకడం దగ్గర్నుంచి ప్రైమర్ దాకా

గోడ రిపేర్ అనగానే చాలామంది చేసే మొదటి పని లప్పం (వాల్ పుట్టీ) డబ్బా తెచ్చుకోవడం. బొక్క కనపడింది, పూడ్చేశాం, పైన రంగు కొట్టేశాం, అయిపోయింది అనుకుంటారు, కొన్నాళ్లు తిరక్కుండానే అదే చోట పొంగొచ్చి పెచ్చులు రాలతాయి, అప్పుడు తిట్లన్నీ లప్పానికి, దాన్ని పెట్టిన మనిషికి పడతాయి. చాలాసార్లు తప్పు పైపూతది కాదండి, కింద గోడ ఏ స్థితిలో ఉందో చూడకుండా పని మొదలుపెట్టడంది. అందుకే ఇక్కడ సగం దాకా లప్పం ఊసే పెద్దగా రాదు, ఆ సగమే అసలు పని.

ఇది ఇంటి లోపలి గోడల గురించి మాత్రమే. బయటి గోడల లెక్క వేరు, వాటికి వాడే మెటీరియల్ కూడా వేరు.

గోడ దేంతో కట్టారో ముందు తేల్చుకోండి

పైన రంగు ఉంటే అన్ని గోడలూ ఒకేలా కనిపిస్తాయి. పెచ్చు ఊడిన చోట అంచు చూస్తే విషయం తెలిసిపోతుంది. బూడిద రంగులో గట్టిగా, ఇసుక గరుకుగా తగిలితే సిమెంట్ ప్లాస్టర్. తెల్లగా ఉండి గోరుతో గీస్తే మెత్తటి పొడి రాలితే జిప్సం ప్లాస్టర్. పాత ఇళ్లలో లావాటి గోడల మీద మాసిన తెలుపులో, కాస్త మెత్తగా, మధ్యమధ్యలో ఇసుక రేణువులు కనిపిస్తూ ఉంటే అది సున్నం గిలాబా, అంటే సున్నపు ప్లాస్టర్, అయ్యే అవకాశం ఎక్కువ. ఎక్కడ తట్టినా బోలుగా మోగుతూ, విరిగిన చోట అట్టలాంటి కాగితం కనిపిస్తే జిప్సం బోర్డు, మామూలుగా అది 12 మిల్లీమీటర్ల పైచిలుకు మందం ఉంటుంది.

ఇదెందుకు అంటే, ఏ గోడకి ఏది అతుకుతుందో దీన్నిబట్టే ఉంటుంది. బాగా ఆరిన సిమెంట్ గోడ మీద జిప్సం వెయ్యొచ్చు, కానీ జిప్సం మీద సిమెంట్ గానీ తెల్ల సిమెంట్ లప్పం గానీ వెయ్యకూడదు, చెమ్మ తగిలినప్పుడు జిప్సంలో ఉండే సల్ఫేట్, సిమెంట్‌తో కలిసి ఉబ్బే స్ఫటికాలు తయారై పై పొరని కిందనుంచి నెట్టేస్తాయి. అలాగే సున్నం గోడకి సిమెంట్ ప్యాచ్ వేస్తే ప్యాచ్ బానే ఉంటుంది, దాని చుట్టూ ఉన్న పాత గిలాబానే రాలిపోతుంది. ఎందుకంటే సున్నం తనలోని తడిని మెల్లగా బయటికి వదులుతూ ఉంటుంది, సిమెంట్ ఆ దారి మూసేస్తే తడి పక్కనుంచి తన్నుకొస్తుంది. సున్నం గోడకి సున్నమే, మొహమాటం అక్కర్లేదు.

ఎందుకు పాడైందో కనుక్కోకుండా ముట్టుకోవద్దు

మేకు పీకిన బొక్క, సోఫా గుద్దుకున్న గుంత, తలుపు హ్యాండిల్ కొట్టుకుని పడిన సొట్ట, వీటికి కారణం కళ్లముందే ఉంటుంది కాబట్టి నేరుగా రిపేర్‌కి వెళ్లిపోవచ్చు. మిగతావాటికి ఆగాలి.

చెమ్మ సంగతి చూద్దాం. గోడ మీద మరకలు, పొంగులు, నేల దగ్గర తెల్లటి ఉప్పు పొర కనిపిస్తే తడి ఉన్నట్టే. ఆ తడి లోపల్నుంచి వస్తోందా, గదిలో గాలి తేమ చల్లటి గోడ మీద పేరుకుంటోందా తెలుసుకోడానికి తేలికైన పద్ధతి ఒకటుంది. గోడని ఆ చోట గుడ్డతో తుడిచి ఆరనిచ్చి, అర మీటరు చదరంలో పల్చటి ప్లాస్టిక్ షీట్ పెట్టి నాలుగు అంచులూ టేపుతో గాలి దూరకుండా అతికించండి. ఒకటి రెండు రోజులు వదిలెయ్యండి. షీట్ వెనకవైపు, అంటే గోడకి ఆనుకున్న వైపు, చుక్కలు పడితే తడి గోడలోంచే వస్తోంది, పైపు లీకో, పైన బాత్రూమో, బయటి గోడ పగులో, నేలలోంచి పైకి ఎక్కే చెమ్మో వెతకాలి. గది వైపు చుక్కలు పడితే గాలి సరిగ్గా ఆడట్లేదని అర్థం, ఎగ్జాస్ట్, కిటికీ సంగతి చూసుకోవాలి. లీక్ ఆపకుండా పైన ఎంత ఖరీదైన వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేసినా ఆ నీళ్లు ఇంకో చోట బయటపడతాయి. లీక్ ఆపాక కూడా గోడ ఆరడానికి వారాలు పట్టొచ్చు, మందపాటి గోడైతే నెలలు కూడా పడుతుంది, ఇక్కడ తొందరపడితే మిగతా పనంతా వృథా.

ఉప్పు పొరని నీళ్లతో కడగొద్దు, కరిగి మళ్లీ గోడలోకే ఇంకిపోతుంది. పొడి బ్రష్‌తో దులిపి, రాలినదాన్ని ఎత్తెయ్యాలి, ఆరేకొద్దీ మళ్లీ వస్తుంది, మళ్లీ దులపాలి. రావడం ఆగాకే తర్వాతి పని.

బూజు పట్టిందంటే, అంటే నల్లటి ఆకుపచ్చటి ఫంగస్ మచ్చలు, పొడిగా గీకొద్దు, దాని రేణువులు గది మొత్తం ఎగురుతాయి. మాస్క్, గ్లౌజులు వేసుకుని డిటర్జెంట్ నీళ్లతో తడిపి తుడవాలి, తర్వాత పూర్తిగా ఆరబెట్టాలి. ఒక చదరపు మీటరుకి మించి పాకి ఉంటే తెలిసినవాళ్లని పిలవడం మంచిది. బ్లీచ్ వాడాలనిపిస్తే దాన్ని టాయిలెట్ క్లీనర్ యాసిడ్‌తో గానీ అమ్మోనియా ఉన్న క్లీనర్‌తో గానీ కలపకండి, ఆ గాలి పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, మూసి ఉన్న గదిలో ప్రాణాల మీదికే వస్తుంది.

ఇక పగుళ్లు. ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు, కార్డు అంచు కూడా దూరనంత సన్నటి పగులైతే అది ప్లాస్టర్ ఆరినప్పుడు కుంచించుకుని వచ్చిందే అయ్యుండొచ్చు, భయం లేదు. పిల్లరుకీ ఇటుక గోడకీ మధ్య నిలువుగా లేదా బీముకి కింద అడ్డంగా సరళరేఖలో వచ్చే పగులు కూడా మామూలే, రెండు మెటీరియల్స్ వేడికి చలికి వేరు వేరుగా సాగుతాయి కాబట్టి అక్కడ విడుతుంది. అయితే 5 మిల్లీమీటర్లు దాటిన పగులు, ఇటుకల వరసల వెంట మెట్లు మెట్లుగా ఏటవాలుగా పాకే పగులు, తలుపు కిటికీ మూలల నుంచి ఐమూలగా పోతూ రోజురోజుకీ పెరిగేది, తలుపులు బిగుసుకోవడం మొదలైన ఇంట్లో వచ్చింది, గోడకి అటూ ఇటూ ఒకే చోట కనిపించేది, ఇవి లప్పం పని కాదు. స్ట్రక్చరల్ ఇంజనీర్ చూడాల్సిందే. అనుమానంగా ఉంటే పగులు రెండు చివర్లా పెన్సిల్‌తో అడ్డగీత గీసి తేదీ రాయండి, పగులు మధ్యలో వెడల్పు కొలిచి పక్కన రాయండి, కొన్ని నెలలు గమనించండి, గీత దాటి పోతోందంటే ఇల్లు ఇంకా కదులుతోందని లెక్క.

దుమ్ము, కరెంటు, నిచ్చెన

ఈ మూడింటిని జనం తేలిగ్గా తీసుకుంటారు, గాయాలు, జబ్బులు వచ్చేది వీటి దగ్గరే.

పాత ఇంట్లో లోపలి పొరల్లో సీసం కలిసిన పెయింట్ ఉండొచ్చు. అమెరికాలో ఇళ్ల పెయింట్లలో సీసాన్ని 1978లో నిషేధించారు, చాలా దేశాల్లో కట్టడి అంతకన్నా చాలా ఆలస్యంగా వచ్చింది, కాబట్టి ఇల్లు పాతదైతే ఉందనే అనుకుని మొదలుపెట్టడం మంచిది. సీసం పెయింట్‌ని పొడిగా సాండింగ్ చెయ్యకూడదు, మంటతో గానీ హీట్ గన్‌తో గానీ కాల్చకూడదు, ఆ దుమ్ము, పొగ చిన్నపిల్లల మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తాయి, గర్భిణులకి కూడా ప్రమాదమే. టెస్ట్ కిట్‌తో చూసుకోవచ్చు, ల్యాబ్‌లో పరీక్ష చేయిస్తే ఇంకా నమ్మకం. ఉందని తేలితే ఊడని పొరని కదిలించకుండా పైన సీల్ చేసుకోవడమో, ఆ పని తెలిసినవాళ్లకి అప్పగించడమో చెయ్యాలి. ఆస్బెస్టాస్ కూడా అంతే, 1980ల దాకా కొన్ని దేశాల్లో గరుకు డిజైన్ కోటింగుల్లో, బోర్డుల జాయింట్ కాంపౌండ్‌లో (అతుకులు పూడ్చే ముద్దలో) కలిపేవాళ్లు, అనుమానం ఉంటే గీకకుండా ముందు పరీక్ష చేయించండి.

ఈ రెండూ లేకపోయినా దుమ్ము దుమ్మే. సిమెంట్ ప్లాస్టర్‌ని గీకినా, గ్రైండర్ పెట్టినా ఇసుకలోని సిలికా కంటికి కనపడనంత సన్నగా లేస్తుంది, ఊపిరితిత్తుల్లోకి చేరితే మళ్లీ బయటికి రాదు. మూతికి రుమాలు కట్టుకుంటే ఆ సన్న రేణువులు ఆగవు. కనీసం ఎన్95 లేదా ఎఫ్ఎఫ్‌పీ2 మాస్క్, అది కూడా ముక్కు దగ్గర, చెంపల దగ్గర ఖాళీ లేకుండా అతుక్కోవాలి, గుబురు గడ్డం ఉంటే అతుక్కోదు. కళ్లకి పక్కలు కూడా మూసుకునే గాగుల్స్ పెట్టుకోండి. చేతులకి గ్లౌజులు తప్పనిసరి, తడి సిమెంట్, తడి సున్నం పీహెచ్ 12 దాటి ఉంటాయి, అంటే బాగా ఘాటు క్షారాలు, చర్మాన్ని మెల్లగా కాలుస్తాయి, వెంటనే నొప్పి తెలియదు, సాయంత్రానికి తెలుస్తుంది. కంట్లో పడితే రుద్దొద్దు, కనీసం 15 నిమిషాలు మంచినీళ్ల ధార కింద కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

కరెంటు విషయం. స్విచ్‌బోర్డు చుట్టూ గీకేటప్పుడు, తడిపేటప్పుడు ఆ గది ఎంసీబీ (మెయిన్ బోర్డులో ఆ గది కరెంటు ఆపే స్విచ్) దించెయ్యాలి. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో మెయిన్ దించినా ఇన్వర్టర్ లైన్‌లో కరెంటు ఉండిపోతుంది, దీన్ని చాలామంది మర్చిపోతారు, దాన్ని కూడా ఆపి, టెస్టర్‌తో చూసుకుని, అప్పుడు ముట్టుకోండి. టెస్టర్‌ని ముందు కరెంటు ఉన్న ఇంకో పాయింట్‌లో పెట్టి పనిచేస్తోందో లేదో కూడా చూసుకోవాలి. వైర్లు మామూలుగా స్విచ్‌బోర్డు నుంచి నిలువుగా పైకీ కిందికీ, లేదా అడ్డంగా పోతాయి, ఆ దారిలో ఉలి దింపొద్దు, మేకు కొట్టొద్దు. బోర్డు చుట్టూ గోడ నల్లబడి గానీ వెచ్చగా గానీ ఉంటే అది గోడ సమస్య కాదు, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

నిచ్చెన గురించి రెండే మాటలు. మడత నిచ్చెన పూర్తిగా తెరిచి లాక్ పడ్డాకే ఎక్కాలి, పై రెండు మెట్ల మీద నిలబడకూడదు. అందట్లేదని పక్కకి వంగొద్దు, దిగి నిచ్చెన జరుపుకోండి.

గదిలో సామాన్లు తీసెయ్యండి, తీయలేనివి మధ్యకి జరిపి ప్లాస్టిక్ కప్పండి. నేల మీద ప్లాస్టిక్ ఒక్కటే పరిస్తే కాలు జారుతుంది, దానిపైన పాత బట్ట గానీ గోనె గానీ వెయ్యండి. తలుపు సందులకి టేపు, ఏసీకి కవర్, ఫ్యాన్ ఆఫ్. కిటికీ తెరిచి ఉంచండి. దుమ్ము ఊడ్చేటప్పుడు పొడి చీపురు వాడితే కింద పడిందంతా మళ్లీ గాల్లోకి లేస్తుంది, తడిగుడ్డ గానీ సన్న దుమ్ముని పట్టే హెపా ఫిల్టర్ ఉన్న వ్యాక్యూమ్ గానీ వాడాలి.

గీకడం

ఇప్పుడు చెయ్యి పెట్టొచ్చు. పాడైన చోటే కాకుండా దాని చుట్టూ అర మీటరు దాకా స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టుకుంటూ పొండి. గట్టిగా ఉన్న చోట టక్ టక్ అంటుంది, డొల్లగా ఉన్న చోట శబ్దం మారిపోతుంది. డొల్ల వచ్చిన మేర అంతా పెన్సిల్‌తో చుట్టండి. అరచెయ్యంత డొల్ల ఉండి, నొక్కితే కదలట్లేదు, పగులు లేదు అంటే వదిలెయ్యొచ్చు. నొక్కితే కదులుతోంది అంటే ఎంత పెద్దదైనా తీసెయ్యాల్సిందే, దాని మీద కొత్తది పెడితే ఆ బరువుకి రెండూ కలిసి ఊడతాయి. సీలింగ్ కిందికి వేలాడుతున్నట్టు ఉంటే దాని కింద నిలబడి తట్టొద్దు.

తీసేటప్పుడు ఉలిని గోడకి ఏటవాలుగా పెట్టి అంచు నుంచి లోపలికి కొట్టుకుంటూ పోవాలి, నిటారుగా పెట్టి బాదితే మంచి ప్లాస్టర్ కూడా వదులైపోతుంది. గట్టి అంచు తగిలాక ఆగాలి. దుమ్ము లేవకుండా ముందు స్ప్రే బాటిల్‌తో కాస్త నీళ్లు కొట్టుకుంటే హాయిగా ఉంటుంది, కరెంటు పాయింట్ల దగ్గర, సీసం అనుమానం ఉన్న చోట మాత్రం పైన చెప్పింది గుర్తుంచుకోండి.

పాత రంగు గట్టిగా ఉందో లేదో ఎలా తెలుస్తుంది? టేపు ముక్క గట్టిగా అతికించి ఒక్కసారిగా లాగండి, రంగు టేపుకి వచ్చేసిందంటే ఆ పొర మీద ఏం పెట్టినా నిలవదు. చేత్తో రుద్దితే తెల్లగా అంటితే అది పాత వెల్ల లేదా డిస్టెంపర్, తడిపి గీకి తీసెయ్యాలి, అప్పటికీ పొడి అంటుతుంటే గోడలోకి ఇంకే సీలర్ ప్రైమర్ ఒక కోటు కొట్టి ఆరనివ్వాలి. మెరిసే ఆయిల్ పెయింట్ అయితే 80 లేదా 100 నంబర్ ఎమరీ పేపర్‌తో మెరుపు పోయేదాకా రుద్దాలి, అప్పుడే లప్పానికి పట్టు దొరుకుతుంది.

పగుళ్లు పూడ్చడం

సన్నటి పగులుని అలాగే పైపైన లప్పంతో మూసేస్తే లోపలికి ఏమీ పోదు, పైన పొర మాత్రమే ఉంటుంది, అది మళ్లీ విడుతుంది. అందుకని పగుల్ని ముందు పెద్దది చెయ్యాలి, వినడానికి విడ్డూరంగా ఉన్నా అదే పద్ధతి. స్క్రాపర్ మూలతో లేదా పాత చాకుతో పగులు వెంట గీసుకుంటూ 4, 5 మిల్లీమీటర్ల వెడల్పు, అంతే లోతు గాడి చెయ్యండి, లోపల వైపు కాస్త వెడల్పుగా వస్తే ఇంకా మంచిది, పెట్టిన ఫిల్లర్ ఊడి రాదు. బ్రష్‌తో దుమ్ము దులిపి, కాస్త తడిపి, సాగే గుణమున్న యాక్రిలిక్ క్రాక్ ఫిల్లర్ లోపలికి నొక్కుతూ పెట్టండి. ఆరాక కుంచించుకుంటుంది, రెండోసారి పెట్టాలి.

తలుపు ఫ్రేమ్‌కీ గోడకీ మధ్య సందు లాంటివి రోజూ కదిలేవి, అక్కడ గట్టిపడే లప్పం పనికిరాదు, యాక్రిలిక్ సీలెంట్ వాడండి. మామూలు సిలికాన్ సీలెంట్ పెడితే దాని మీద రంగు అతుక్కోదు.

పిల్లరు, గోడ కలిసే పగుళ్లకి ఫిల్లర్ ఒక్కటే చాలదు. పగులుకి అటూ ఇటూ 10 నుంచి 15 సెంటీమీటర్ల దాకా ప్లాస్టర్ తీసేసి, ఫైబర్ మెష్ గానీ చికెన్ మెష్ (సన్నటి ఇనుప తీగ వల) గానీ రెండు వైపులా పట్టుండేలా బిగించి దానిమీద ప్లాస్టర్ చెయ్యాలి. ఇంత చేసినా సన్నటి గీత మళ్లీ వస్తే ఆశ్చర్యపోకండి, రెండు వేర్వేరు వస్తువులు కలిసే చోటు అది.

లోతైన గుంతలు

సిమెంట్ గోడలో ఇటుక కనిపించేంత గుంత పడితే లప్పంతో నింపొద్దు, లప్పం పల్చటి పూతకి తయారు చేసింది, మందంగా పెడితే ఆరుతూ బీటలు తీస్తుంది. సిమెంట్ ఒక పాలు, జల్లించిన సన్న ఇసుక నాలుగు పాళ్లు కలిపిన మాలు కావాలి. ఇటుకని ముందే బాగా తడపండి, నీళ్లు కారుతూ ఉండకూడదు కానీ దాహం తీరి ఉండాలి, లేకపోతే ఇటుక మాలులో నీళ్లు పీల్చేసి సిమెంట్ గట్టిపడకుండానే ఎండిపోతుంది. పాత అంచులకి బాండింగ్ ఏజెంట్ (పాతదానికి కొత్త మాలుని అతికించే ద్రవం) పూసి అది జిగురుగా ఉండగానే మాలు పెట్టాలి.

ఒక పొర 10 నుంచి 12 మిల్లీమీటర్లు మించొద్దు. గుంత అంతకంటే లోతుంటే మొదటి పొర మీద తాపీ మొనతో అడ్డదిడ్డంగా గీతలు గీసి, అది గట్టిపడ్డాక, మర్నాడు రెండోది. పై పొరని చుట్టూ ఉన్న గోడకన్నా ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలికే ఆపండి, లప్పానికి చోటు కావాలి. అడ్డంగా బద్ద పెట్టి లాగితే ఎత్తుపల్లాలు తెలుస్తాయి. కలిపిన మాలు గంటలోపు వాడెయ్యాలి, గట్టిపడటం మొదలైనదాంట్లో మళ్లీ నీళ్లు పోసి కలిపితే చూడటానికి మెత్తగానే ఉంటుంది, బలం మాత్రం పోయినట్టే. తర్వాత వారం రోజులు, రోజుకి రెండు మూడుసార్లు తడపాలి, దీన్నే క్యూరింగ్ అంటారు. ఇంటి లోపల చిన్న ప్యాచ్‌కి క్యూరింగ్ ఏంటి అని వదిలేస్తారు, వదిలేసిన ప్యాచే గోరుతో గీస్తే రాలుతుంది.

జిప్సం ప్లాస్టర్‌కి ఇది రివర్స్, క్యూరింగ్ అక్కర్లేదు, తడపనే కూడదు, ఆరనిస్తే చాలు. బాత్రూమ్ లోపల, ఎప్పుడూ చెమ్మ ఉండే చోట జిప్సం వాడొద్దు, తడిస్తే మెత్తబడుతుంది.

బోర్డు గోడ అయితే

మేకు బొక్కకి ఫిల్లర్ చాలు. 10 సెంటీమీటర్ల లోపు బొక్కకి జిగురుండే మెష్ ప్యాచ్ అతికించి పైన కాంపౌండ్. అంతకంటే పెద్దదైతే విరిగిన భాగాన్ని చక్కగా నలుచదరంగా కోసెయ్యండి, కోసేముందు లోపల వైరు, పైపు ఉన్నాయేమో చూడాలి. బొక్క వెనకాల రెండు చెక్క బద్దలు పెట్టి బోర్డు పైనుంచి స్క్రూలు బిగించి, అదే మందం ఉన్న కొత్త బోర్డు ముక్క ఆ బద్దలకి బిగించాలి. స్క్రూ తల కాగితం చింపకుండా కొంచెం లోపలికి దిగితే సరిగ్గా పడ్డట్టు. జాయింట్ల మీద టేపు వెయ్యాలి, కాగితం టేపు అయితే కింద కాంపౌండ్ పూసి దానిలోకి నొక్కాలి, మెష్ టేపు వాడితే మొదటి కోటుకి నీళ్లతో కలిపితే రసాయనికంగా గట్టిపడే పొడి రకం కాంపౌండే వాడాలి, డబ్బాలో రెడీగా వచ్చే రకానికి అక్కడ బలం చాలదు. మూడు కోట్లు, ఒక్కో కోటు ముందుదానికన్నా వెడల్పుగా, చివరికి జాయింట్‌కి అటూ ఇటూ కలిపి 30 సెంటీమీటర్ల దాకా పల్చబడిపోవాలి.

లప్పం

వచ్చేశాం. తెల్ల సిమెంట్ లప్పం సిమెంట్ గోడకి, యాక్రిలిక్ లేదా జిప్సం ఆధారిత లప్పం జిప్సం గోడకీ బోర్డుకీ. బకెట్‌లో ముందు నీళ్లు, తర్వాత పొడి, ఈ వరస తిప్పితే అడుగున గడ్డలు మిగిలిపోతాయి. తెల్ల సిమెంట్ రకానికి మామూలుగా కిలో పొడికి 350 నుంచి 400 మిల్లీలీటర్ల నీళ్లు, సంచి మీద వేరేలా రాసి ఉంటే అదే ఫైనల్. కలిపాక పది నిమిషాలు వదిలేసి మళ్లీ కలపండి. బ్లేడ్ మీద తీసి వంచితే వెంటనే జారిపోకూడదు, అతుక్కుని బిగుసుకుపోకూడదు. రెండు గంటల్లో అవగొట్టగలిగినంతే కలపండి. బకెట్‌కి, బ్లేడ్‌కి పాత ఎండిన ముక్క ఒక్కటి అంటుకుని ఉన్నా గోడ మొత్తం గీతలు పడతాయి, ప్రతిసారీ కడగాలి.

తెల్ల సిమెంట్ లప్పం పెట్టేముందు గోడని కాస్త తడపాలి. బ్లేడ్‌ని గోడకి బాగా వాలుగా పట్టుకుంటే మెటీరియల్ పరుచుకుంటుంది, నిలబెడితే గీకేస్తుంది, పని అంతా ఈ రెండు కోణాల మధ్యే నడుస్తుంది. కింద నుంచి పైకి లాగుతూ పెట్టి, వెంటనే ఎక్కువైనదంతా తీసెయ్యండి. కొత్తవాళ్లు చేసే పని ఏంటంటే ఒకే చోట పదే పదే రుద్దడం, అప్పటికే బిగుసుకుంటున్న లప్పం బ్లేడ్‌కి పట్టుకుని చిరుగుతుంది. గీత పడింది కదా, పడనివ్వండి, రెండో కోటు ఎందుకుంది మరి.

మొదటి కోటు ఆరాక, ఎమరీ పేపర్ ముట్టుకోకముందే, శుభ్రమైన బ్లేడ్‌తో ఉబ్బెత్తు గీతల్ని గీకి పడెయ్యండి, దీనివల్ల తర్వాత లేచే దుమ్ము చాలా తగ్గుతుంది. రెండో కోటు అడ్డంగా లాగాలి, మొదటిదాన్ని కోస్తూ పోయేలా. రెండూ కలిపి 1.5 మిల్లీమీటర్లు దాటొద్దు. రూపాయంత బొక్కకైనా లప్పం అంచు చుట్టూ 15, 20 సెంటీమీటర్ల దాకా సాగి శూన్యంలో కలిసిపోవాలి, అలా పల్చగా సాగదీసినప్పుడే ప్యాచ్ ఎక్కడుందో కంటికి దొరకదు.

ఆరనివ్వడానికి హీటర్లు, హీట్ గన్‌లు పెట్టొద్దు, పైన ఆరి లోపల తడి మిగిలి పగులుతుంది. రంగు అంతటా ఒకే తెలుపులోకి వచ్చి, చెయ్యి ఆనిస్తే చల్లగా తగలకపోతే ఆరినట్టు.

లైటు పెట్టి చూడటం, రుద్దడం

గది లైటు వెలుగులో గోడ ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది, మోసపోవద్దు. గది చీకటి చేసి టార్చిని గోడకి దాదాపు ఆనించి పక్కకి వెలిగించండి, ప్రతి గుంతకీ ఒక నీడ, ప్రతి ఎత్తుకీ ఒక మెరుపు కనిపిస్తాయి. వాటికి పెన్సిల్‌తో లేతగా గుర్తు పెట్టండి, గుంతకి సున్నా, ఎత్తుకి ఇంటూ. స్కెచ్ పెన్ను వాడొద్దు, దాని ఇంకు రంగులోంచి పైకి తేలుతుంది. గుంతల్లో లప్పం, ఎత్తుల మీద ఎమరీ. రుద్దుతూ గుంతని సరిచేద్దామనుకుంటే చుట్టూ ఉన్నదంతా అరిగిపోతుంది గానీ గుంత పోదు.

ఎమరీ పేపర్ని చెక్క దిమ్మకి చుట్టి రుద్దండి, ఉత్త వేళ్లతో రుద్దితే వేళ్ల ఒత్తిడి పడిన చోటల్లా కాలువలు పడతాయి. 120 లేదా 150తో మొదలుపెట్టి 180, 220తో ముగించండి, అంతకన్నా నున్నగా చేస్తే ప్రైమర్‌కి పట్టు తగ్గుతుంది. గుండ్రంగా, తేలిగ్గా రుద్దాలి. తెల్ల సిమెంట్ లప్పాన్ని ఎక్కువ రోజులు వదిలేస్తే రాయైపోతుంది, ఆరిన మర్నాడే రుద్దుకోవడం తెలివి. డబ్బా కాంపౌండ్, యాక్రిలిక్ రకాలకైతే పిండిన తడి స్పాంజితో కూడా నున్న చెయ్యొచ్చు, దుమ్మే లేవదు, కాకపోతే తడి ఎక్కువైతే పెట్టిందంతా కరుగుతుంది. రుద్దినంతసేపూ మాస్క్, గాగుల్స్ తీయొద్దు, రుద్దడం ఆపాక కూడా సన్న దుమ్ము చాలాసేపు గాల్లోనే ఉంటుంది.

ప్రైమర్, రంగు

గోడని మెత్తటి బ్రష్‌తో దులిపి, పిండిన గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. అరచేత్తో రుద్దితే తెల్లగా అంటకూడదు. ప్రైమర్ మానేసి నేరుగా రంగు వేస్తే లప్పం ఉన్న చోట రంగు ఎక్కువ పీల్చుకుని, పక్కన మామూలుగా ఉండి, ఒకే డబ్బాలో రంగు రెండు షేడ్లలో కనిపిస్తుంది. ప్యాచ్ మీద మాత్రమే ప్రైమర్ కొట్టినా ఆ తేడా కొంత మిగులుతుంది, వీలైతే ఆ గోడ మొత్తం ఒక మూల నుంచి ఇంకో మూల దాకా కొట్టండి. రంగు కూడా అంతే, గోడ మధ్యలో ఆపితే ఆపిన గీత కనిపిస్తుంది.

కొత్త సిమెంట్ ప్లాస్టర్ చేసిన చోట మాత్రం 28 రోజులు ఆగడం మంచిది, అందులో క్షారం ఎక్కువ, ముందే వేస్తే రంగు మచ్చలు పడుతుంది, పొరలుగా లేస్తుంది. ఆగలేకపోతే క్షారాన్ని తట్టుకునే ప్రైమర్ వాడండి, అప్పుడు కూడా గోడ ఆరి ఉండాలి. ప్రైమర్ ఆరాక మళ్లీ టార్చి పెట్టండి, తెల్లటి ఒకే రంగు పడ్డాక అంతకుముందు దొరకనివి బయటపడతాయి, అక్కడక్కడ లప్పం తాకించి, రుద్ది, ఆ చోట మళ్లీ ప్రైమర్. మిగిలిన లోపాలు దాచాలంటే మ్యాట్ ఫినిష్ తీసుకోండి, మెరిసే రంగు ప్రతి చిన్న అలని చూపిస్తుంది.

తేడా కొడితే

లప్పంలో గుండుసూది బొక్కలు వస్తే కలిపేటప్పుడు గాలి దూరింది, డ్రిల్ మిక్సర్ వేగం తగ్గించాలి, ఇప్పటికైతే చాలా పల్చటి కోటు ఒకటి గట్టిగా నొక్కి లాగండి. ఆరిన లప్పం పొడిలా రాలుతుంటే కింద గోడ నీళ్లు లాగేసింది లేదా కలిపినదాంట్లో నీళ్లు ఎక్కువయ్యాయి, దానిమీద ఇంకో కోటు వెయ్యొద్దు, గీకేసి తడిపి మళ్లీ పెట్టాలి. రంగు బుడగల్లా లేస్తే బుడగ చించి వెనకాల చూడండి, తడిగా ఉంటే చెమ్మ, పొడి దుమ్ము ఉంటే తుడవకుండా వేశారని. బోర్డు గోడలో స్క్రూ తల పైకి పొడుచుకొస్తే దాన్నే మళ్లీ బిగించి ఊరుకోవద్దు, దానికి నాలుగైదు సెంటీమీటర్ల దూరంలో కొత్త స్క్రూ బిగించి, పాతదాన్ని తీసి బొక్క పూడ్చండి.

పనిముట్లు కడిగిన నీళ్లని సింకులో, బాత్రూమ్ తూములో పోయొద్దు, లప్పం, సిమెంట్ పైపులోపల గట్టిపడితే ఆ రిపేర్ గోడ రిపేర్ కంటే పెద్దది. బకెట్‌లో ఒక రాత్రి వదిలేస్తే మడ్డి అడుగుకి దిగుతుంది, ఆ మడ్డిని ఎండబెట్టి చెత్తలో వెయ్యండి. పైన తేరిన సిమెంట్ నీళ్లకి కూడా ఘాటు క్షారం ఉంటుంది, మొక్కలకి పోయొద్దు. పని బట్టలు మిగతా బట్టలతో కలిపి ఉతకొద్దు, ముఖ్యంగా పాత పెయింట్ గీకినవి. మిగిలిన రంగుని చిన్న సీసాలో గట్టిగా మూతపెట్టి, ఏ గదిది, ఏ షేడ్ నంబర్, ఎప్పుడు వేశారు అని సీసా మీద రాసి పెట్టుకోండి, రేపు అదే గోడకి ఇంకో గీత పడ్డప్పుడు షేడ్ వెతుక్కునే బాధ తప్పుతుంది.